ఆపరేటర్ గారి అరచెయ్యి

శనివారం పొద్దున్నే వాన మొదలైంది. గడియారాలు బాగుచేసే తన దుకాణానికి బయల్దేరిన ఇంటాయన తలుపు తీసి, గేటు పక్కన కొక్కెం వైపు చూసి, మళ్ళీ లోపలికొచ్చాడు.

"ఇదిగో, గొడుగు లేదు."

"నిన్న సాయంత్రం అక్కడే తగిలించారుగా?" వంటింట్లోంచి టీచరమ్మ గొంతు.

"తగిలించాను. ఎవడో మహానుభావుడు పట్టుకుపోయాడు. ఇది ఆరోది! మన గేటుకి కొక్కెం ఎందుకు, ఉచిత గొడుగులు అని బోర్డు పెడితే సరిపోతుంది."

ఆ ఇంటి కట్టుబాటు అలాంటిది. గొడుగు ఎంత మంచిదైనా, ఎంత వాన కురుస్తున్నా, గడప దాటి లోపలికి రాకూడదు. తడిదైతే అసలే రాకూడదు. నేల పాడవుతుందని టీచరమ్మ చెప్పేది. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో ఆయన ఆ మాటకి ఎదురు చెప్పింది లేదు. భార్య మాటకి ఎదురు చెప్పడం కంటే తడవడం తేలిక అని ఆయన సిద్ధాంతం. జలుబు చేసేదనుకోండి, జలుబుకి మాత్రలున్నాయి.

టీచరమ్మ అంటే బడిలో లైబ్రరీ చూసే టీచరమ్మ. పుస్తకాలతో పాటు సినిమా డిస్కులు కూడా ఆవిడ అజమాయిషీలోనే ఉంటాయి. ఏ సినిమా ఏ పిల్లలు చూడొచ్చో రంగు కాగితం అంటించడం ఆవిడ పని. ఆకుపచ్చ అంటే అందరూ చూడొచ్చు. పసుపు అంటే పెద్ద తరగతులు. ఎరుపు అంటే పెద్దలకు మాత్రమే. ఆవిడ ఎరుపు వేసిందంటే హెడ్మాస్టరు కూడా ఆ డిస్కుని దూరం నుంచే చూసి బీరువా తలుపు వేసేసేవాడు.

ముందుగదిలో ఆవిడ తండ్రి, ఆపరేటర్ గారు, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని చొక్కాకి బొత్తం కుట్టుకుంటున్నారు. చేతిలో సూది, పెదాల మీద కూనిరాగం. ముప్పై నాలుగేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. రీళ్ళు పోయి కంప్యూటర్లొచ్చాక ఇంట్లో కూర్చున్నారు. మోకాళ్ళు సహకరించవు, నోరు మాత్రం బ్రహ్మాండంగా సహకరిస్తుంది.

"తాతయ్యా, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావే!" మెట్లు దిగుతూ అంది మనవరాలు. పధ్నాలుగేళ్ళది. ఇంట్లో అందరూ మిరప అనే పిలుస్తారు. ఆ పేరు ఎందుకొచ్చిందో అయిదు నిమిషాలు దానితో మాట్లాడితే ఎవరికైనా తెలుస్తుంది.

"పెళ్ళికొడుకునే. రేపు ఆదివారం పదకొండు గంటల ఆట. మళ్ళీ నా మిషన్ దగ్గరికి వెళ్తున్నా."

సంగతేమిటంటే, ఊళ్ళో ఆ పాత హాలుకి యాభయ్యేళ్ళు నిండాయి. ఆ సందర్భంగా గోదాములో దొరికిన పాత రీళ్ళతో ఒక్క ఆట వేద్దామని యజమాని సరదా పడ్డాడు. ఆ పాత మిషను మీద రీలు ఎక్కించడం ఇప్పుడు ఊరు మొత్తానికి ఒక్కరికే తెలుసు. కేబిన్‌కి ఇరవై రెండు మెట్లున్నాయి. డాక్టరు వద్దన్నాడు. "ఒక్కసారి ఎక్కుతాను, మళ్ళీ జన్మలో ఎక్కను" అని ఆపరేటర్ గారు ఒట్టు వేసి ఒప్పించారు.

"ఇంతకీ ఏం సినిమా నాన్నా?" భర్తకి కాఫీ తెస్తూ అడిగింది టీచరమ్మ.

"గొడుగు సినిమా."

టీచరమ్మ చేతిలో గ్లాసులోంచి కాఫీ ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సినిమాకి అసలు పేరు వేరే ఉన్నా ఊళ్ళో అందరూ గొడుగు సినిమా అనే అంటారు. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండే ఒకావిడ. రాత్రి తలుపులన్నీ లోపల గడియ వేసుకునే పడుకుంటుంది. తెల్లారి లేచేసరికి తలుపు పక్కన నీళ్ళు కారుతూ ఒక గొడుగు! ఎవరూ వచ్చిన జాడ ఉండదు. గడియ వేసినట్టే ఉంటుంది. ఆ గొడుగు ఎవరిది? అదీ కథ. రక్తం చుక్క ఉండదు, కత్తి ఉండదు, అయినా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చూసేవాళ్ళట జనం.

తొమ్మిదింటికి హాలు మేనేజరు తడుచుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"టీచరమ్మగారూ, మీ వల్ల ఒక మాట సాయం కావాలి. ఆ రోజుల్లో దీనికి పెద్దలకు మాత్రమే అని ముద్ర వేశారు. ఇప్పుడు చూస్తే టీవీలో పిల్లలు అంతకు పదింతలు చూస్తున్నారు. ఎన్నేళ్ళ వాళ్ళని రానివ్వచ్చో మీరు రాసిస్తే టికెట్ కిటికీ దగ్గర అంటిస్తాను. మీ మాటంటే తల్లిదండ్రులకి గురి. సాయంత్రంలోగా చాలు."

"సాయంత్రం దాకా ఎందుకు, ఇప్పుడే ఇస్తాను," అంది టీచరమ్మ. బల్ల మీద కలం తీసుకుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే అని రాసి, కింద సంతకం పెట్టి, గట్టిగా గీత కూడా గీసింది.

మిరప భుజం మీంచి తొంగి చూసింది.

"అమ్మా! ఇదేంటి? మరి నేను?"

"నువ్వు ఇంట్లో ఉంటావు."

"తాతయ్య ఆఖరి ఆటకి నేను ఇంట్లో ఉంటానా?"

"మిరపా, గొంతు తగ్గించు."

"తగ్గించను. నేను పుట్టేసరికే ఆ మిషన్ మూలపడింది. తాతయ్య నడుపుతుంటే ఒక్కసారైనా చూడాలని ఎన్నేళ్ళుగా అడుగుతున్నాను? నాన్నా, నువ్వైనా చెప్పు!"

ఇంటాయన భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చివరికి గోడ గడియారం వైపు చూశాడు. "రెండు నిమిషాలు వెనక నడుస్తోంది ఇది," అన్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఆ క్షణంలో ఆయనే.

మేనేజరు కాగితం అందుకోబోయి ఆగిపోయాడు. ఎందుకంటే ఆపరేటర్ గారు సూది పక్కన పెట్టేశారు.

"చిట్టితల్లీ," అన్నారు కూతురితో, "పిల్ల రాకపోతే నేనూ వెళ్ళను. ఊరి కోసం ఇరవై రెండు మెట్లు ఎక్కనే నేను. దాని కోసం ఎక్కుతున్నా."

"నాన్నా, మీరు కూడా మొదలుపెట్టకండి. అది పిల్లలు చూసే సినిమా కాదు."

"నువ్వు చూశావా?" మిరప అడిగింది.

"చూడకుండా ఎరుపు వేస్తానా? పదేళ్ళప్పుడు చూశాను. బాల్కనీలో మూల కుర్చీలో కూర్చుని."

"అయితే చివర ఏమైందో చెప్పు."

"ఏమవుతుంది? అదే..."

"చెప్పమ్మా!"

టీచరమ్మ మొహం పాలిపోయింది. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు.

"పై గదిలో వాడు ఉంటాడు. నల్ల ముసుగు వేసుకుని. తడి గొడుగు వాడిదే. ఆవిడ తలుపు తీయగానే మీద పడతాడు. ఆవిడ అరుస్తుంది, అద్దం పగులుతుంది, తర్వాత చాలాసేపు ఏడుస్తుంది. ఆ ఏడుపు మెల్లగా... మెల్లగా ఆగిపోతుంది. చాలా? ఇంకా చెప్పాలా? ఆ ఏడుపు విన్నాక నాకు పెళ్ళయ్యేదాకా దీపం ఆర్పితే నిద్ర పట్టేది కాదు! ఈ రోజుకీ తలుపు పక్కన తడి గొడుగు కనబడితే నా గుండె ఆగిపోతుంది! నా కూతురికి ఆ బతుకు వద్దు. అంతే!"

ఇంటాయన నోరు తెరిచాడు.

"అంటే... నేల పాడవుతుందని కాదా?" అన్నాడు నీరసంగా. "ఆరు గొడుగులే!"

ఎవరూ నవ్వలేదు. ఆపరేటర్ గారు కూతుర్నే చూస్తున్నారు, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు.

"ముసుగు మనిషా?" అన్నారు. "ఆ సినిమాలో ముసుగు మనిషి ఎక్కడున్నాడే? నూట పన్నెండు ఆటలు వేశాను. ఒక్క మగ పురుగు కూడా ఆ గదిలోకి వెళ్ళడు."

"నేను చూశాను నాన్నా."

"లేదమ్మా. నువ్వు చూడలేదు." కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూసుకున్నారు. "ఇది అడ్డం పెట్టాను కదే!"

మేనేజరు నెత్తి మీద చెయ్యి వేసుకున్నాడు. ఆపరేటర్ గారి అరచెయ్యి సంగతి పాత జనానికంతా తెలుసు. పెద్దలకు మాత్రమే అని బోర్డు ఉన్నా, ఆదివారం మాట్నీకి జనం చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చేసేవాళ్ళు. గేటు దగ్గర ఎవరు ఆపగలరు? అందుకని హాల్లో పిల్లలున్నారనుకుంటే, చివరి ఘట్టం రాగానే, ఆపరేటర్ గారు లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టేవారు. తెర మీద చీకటి. ఎందుకొచ్చిన గొడవ అని ఆట అయిపోయేదాకా తీసేవారు కాదు. ఈలలు, కేకలు, "ఆపరేటర్ గారూ, చెయ్యి!" అని అరుపులు. ముగింపు కావాలనుకున్న పెద్దలు మళ్ళీ టికెట్ కొని రాత్రి ఆటకి వచ్చేవాళ్ళు. యజమానికి అది మరీ సంతోషం.

"బొమ్మ ఆపాను," అన్నారు ఆపరేటర్ గారు. "సౌండ్ ఆపలేదు. ఆపాలని తట్టలేదు. బొమ్మ కనపడకపోతే పిల్లలు భయపడరనుకున్నానమ్మా. నువ్వు ఆ చీకట్లో కూర్చుని అంతా విన్నావా?"

టీచరమ్మ తలూపింది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మళ్ళీ హాలుకి రానివ్వరని!" అంది ఆవిడ, పదేళ్ళ పిల్లలా. "అమ్మ టికెట్లు ఇచ్చేది, మీరు మిషన్ నడిపేవారు, నేను బాల్కనీలో లెక్కలు చేసుకునేదాన్ని. ఆ హాలు తప్ప నాకేముంది నాన్నా? భయపడ్డానని తెలిస్తే మీరు నన్ను పక్కింట్లో వదిలేసేవారు. అందుకే నోరు మూసుకున్నాను."

పెద్దాయన కళ్ళద్దాలు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. తుడిచిన కళ్ళద్దాలు మళ్ళీ తుడిచారు.

"నిన్ను కాపాడుతున్నాననుకున్నానే చిట్టితల్లీ. ముప్పై ఏళ్ళు నిన్ను చీకట్లో కూర్చోబెట్టాను."

మిరప వెళ్ళి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది.

మొదట తేరుకున్నది ఇంటాయనే. "మావయ్యగారూ, ఇవాళ మూడింటికి మిషన్ పరీక్ష చేస్తామన్నారు కదా?"

"అవును."

"అయితే అందరం వెళ్దాం. ఎటూ దుకాణానికి వెళ్ళాలంటే గొడుగు లేదు."

టీచరమ్మ మేనేజరు చేతిలోంచి తన కాగితం మెల్లగా వెనక్కి తీసుకుంది. "సాయంత్రం ఇస్తాను," అంది. "కానీ మిరప ఇంట్లోనే. ముందు నేను చూడాలి." ఈసారి మిరప గొడవ చెయ్యలేదు. ఆ పిల్లకి కారం ఎంతుందో బుద్ధీ అంతే ఉంది.

మూడింటికి ఇరవై రెండు మెట్లు ఎక్కడానికి ఆపరేటర్ గారికి పావుగంట పట్టింది. ప్రతి అయిదో మెట్టు దగ్గరా ఆగి, ఆయాసం అని ఒప్పుకోకుండా, "ఇక్కడ గోడకి రంగు మార్చారే" అని ఒక్కో వంక పెట్టారు. అల్లుడు వెనకే ఉండి, "అవునవును, మంచి రంగే" అంటూ నడుం దగ్గర చెయ్యి ఆనించాడు. కేబిన్‌లో నూనె వాసన రాగానే పెద్దాయనకి మోకాళ్ళు గుర్తు రాలేదు. రీలు పెట్టె మూత తీసి, ఫిలిం కొస పట్టుకుని, చక్రాల మధ్య నుంచి సందు సందుకీ దూర్చుతుంటే వేళ్ళు వాటంతటవే నడిచాయి.

కింద హాల్లో మూడొందల కుర్చీలు ఖాళీ. టీచరమ్మ బాల్కనీకి వెళ్ళి, ఆ మూల కుర్చీలోనే కూర్చుంది. భర్త కేబిన్‌లోంచి దిగొచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీరు రాకపోయినా ఫరవాలేదు," అంది ఆవిడ.

"నా ఆరు గొడుగుల హంతకుడెవడో నేనూ చూడాలిగా," అన్నాడాయన.

ఆట మొదలైంది. తెర మీద గీతలు, మచ్చలు. అయినా ఆ ఇల్లు, ఆ తలుపు, ఆ గొడుగు చుట్టూ నీళ్ళ మడుగు, అన్నీ అలాగే ఉన్నాయి. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు. చివరి రీలు వచ్చింది. ఆవిడ మెట్లెక్కుతోంది. గది తలుపు కిర్రుమంది. టీచరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే లేచి కళ్ళకి అడ్డం వచ్చేసింది. తండ్రి అడ్డం పెట్టకపోతే తనే పెట్టేసుకుంది.

వెనక కేబిన్ కిటికీలోంచి గొంతు వినబడింది. "చిట్టితల్లీ! చెయ్యి తియ్యవే! నేను తీసేశాను, నువ్వూ తియ్యి!"

తీసింది.

గదిలో ముసుగు లేదు, మనిషి లేడు. ఒక నిలువుటద్దం ఉంది. అద్దంలో ఆవిడే ఉంది, తడిసిన జుట్టుతో, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగుతో. దూరదేశంలో పోయిన తమ్ముడు వస్తాడని, రాత్రిళ్ళు నిద్రలోనే లేచి, స్టేషన్ దాకా నడిచి వెళ్ళి వస్తున్నది ఆవిడే. గడియ తీసేదీ ఆవిడే, వేసేదీ ఆవిడే. ఆ సంగతి తెలిసి అరిచింది. గొడుగు తగిలి అద్దం పగిలింది. కింద కూలబడి ఏడ్చింది.

అప్పుడు అరుపు విని పక్కింటి ముసలావిడ వచ్చింది. ఏమీ అడగలేదు. ఆవిడ చేతిలోంచి గొడుగు తీసుకుని, మడిచి, తలుపు పక్కన నిలబెట్టింది. పొడి తువ్వాలు తెచ్చి తల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ ఉంటే ఏడుపు మెల్లగా, మెల్లగా ఆగిపోయింది. బయట వాన మాత్రం కురుస్తూనే ఉంది. శుభం అని పడింది.

టీచరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "తల తుడిచిందండీ!" అంది భర్త భుజం పట్టుకుని ఊపేస్తూ. "ఆ ఏడుపు ఎందుకు ఆగిందో తెలుసా? తల తుడిచినందుకు! చంపేశాడని ఇన్నాళ్ళూ... అయ్యో నా పిచ్చి మండా!"

"నేనూ ఇక్కడే ఉన్నానే, చూశాను," అన్నాడాయన. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి, పైకి ఒప్పుకోడు.

అక్కడే, బాల్కనీ గోడ మీద కాగితం పెట్టుకుని, పాతది చింపేసి, టీచరమ్మ కొత్తగా రాసింది. పదమూడేళ్ళు నిండిన పిల్లలు చూడవచ్చు. పక్కన ఇంటి పెద్దవాళ్ళు తప్పక కూర్చోవాలి. భయపడితే చెయ్యి పట్టుకోండి, కళ్ళు మూయకండి. ఏం జరిగినా మధ్యలో లేపి తీసుకుపోవద్దు, చివరిదాకా చూడనివ్వండి. అది చదివి మేనేజరు, "ఇంత పొడుగు కాగితం కిటికీకి పట్టదండీ" అన్నాడు. "అయితే కిటికీ పెద్దది చేయించండి," అంది టీచరమ్మ. పాత గొంతు తిరిగొచ్చేసింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నాటి కుర్రాళ్ళు మనవలతో వచ్చారు. చివరి రీలులో గది తలుపు కిర్రుమనగానే మిరప తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల గోళ్ళు దిగుతున్నా టీచరమ్మ కదలలేదు, తెర మీదనుంచి చూపూ తిప్పలేదు. అద్దం కనబడగానే హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. ముప్పై ఏళ్ళుగా ఆ ముగింపు చూడనిది టీచరమ్మ ఒక్కతే కాదని అప్పుడు తేలింది. వెనక వరసలో ఒక బట్టతల పెద్దమనిషి, "ఓరి నాయనో, ఇదా!" అని బిగ్గరగా అనేశాడు.

శుభం పడగానే ఎవరో పాత అలవాటుగా అరిచారు. "ఆపరేటర్ గారూ, చెయ్యి!"

తెర మీద ఒక పెద్ద అరచెయ్యి నీడ పడింది. అయిదు వేళ్ళూ విప్పి, అటూ ఇటూ ఊగింది. హాలు ఈలలతో, చప్పట్లతో హోరెత్తిపోయింది. మిరప కుర్చీ ఎక్కి నిలబడి రెండు చేతులూ ఊపింది.

"భయమేసిందా?" బయటికొస్తూ అడిగింది టీచరమ్మ.

"వేసింది. చాలా వేసింది. భలే ఉంది! అమ్మా, రాత్రి నీ దగ్గర పడుకోనా?"

"పడుకో."

ఇంటికి చేరేసరికి మళ్ళీ వాన. దారిలో కొన్న కొత్త గొడుగు, ఏడోది, ఆపరేటర్ గారి మీదే పట్టారు. అయినా ఈదురుగాలికి ఆయన తల తడిసి ముద్దయింది. గేటు దగ్గరికి రాగానే ఇంటాయన అలవాటు ప్రకారం గొడుగు కొక్కేనికి తగిలించి లోపలికి నడిచాడు.

టీచరమ్మ రెండడుగులు వేసి ఆగింది. వెనక్కెళ్ళి గొడుగు తీసుకుంది. మడిచి, గడప దాటించి, తలుపు పక్కన గోడకి ఆనించి నిలబెట్టింది. కిందికి నీళ్ళు కారి చిన్న మడుగు కట్టాయి. ఆవిడ ఒక క్షణం దాన్ని చూసింది.

"ఏవే, నేల!" అన్నాడు భర్త.

"ఆరుతుంది లెండి."

అని లోపలికెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన తల తుడవడం మొదలుపెట్టింది.